పాటలోంచి నా పేరు తీయించడానికి పోయిన దారి

మోక నుంచి బళ్లారికి పొద్దున ఆరున్నరకు ఒక బస్సు ఉంది. కూర్చుని పోవాలంటే స్టాండు దగ్గర నిలబడి లాభం లేదు, బస్సు తిరిగే చోటి దాకా ముందుకు నడిచి అక్కడే ఎక్కాలి. నేనూ అలాగే ఎక్కాను. ఆదివారం కాబట్టి పిల్లల సంచులు లేవు, పాలక్యాన్లు మాత్రం ఉన్నాయి. ఎడమ పక్క కిటికీ దొరికింది. సంచిలో ఆధార్ కార్డు, నీళ్ల సీసా, రెండు జొన్నరొట్టెలు, మా చేని శెనక్కాయలు కొన్ని. శెనక్కాయలు అయివారికి. చదువు చెప్పిన అయివారి ఇంటికి ఖాళీ చేతులతో పోరాదు కదా. ఆయన నాకు చదువు చెప్పిందేమీ లేదు, అది వేరే సంగతి. ఆ సంగతి తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

అయివారంటే వెంకటరత్నం మేష్టారు. పిల్లల పాటలు, పిల్లల కథలు రాసిన మనిషి. సిరుగుప్ప అవతల కాలవ కింద ఒక క్యాంపులో ఉంటారు. తుంగభద్ర కాలవ వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి, ఇక్కడ భూములు కొని వరి వేసిన రైతులు కట్టుకున్న ఊళ్లను మా వైపు క్యాంపులు అంటారు. మా అమ్మానాయన ఆ రైతులు కారు, ఈ సీమ మనుషులే. క్యాంపు పొలాల్లో నాట్లకూ కోతలకూ పోతూ, క్యాంపు చివర కాలవ గేటు దగ్గర గుడిసె వేసుకున్నారు. నేను పుట్టింది ఆ గుడిసెలో. పేరు హంపమ్మ.

మా వైపు పుట్టినవాళ్లకు ఈ పేరు వినగానే నవ్వొస్తుంది. ఎందుకో తెలియనివాళ్ల కోసం ఆ పాట ఇక్కడ చెప్తాను.

హంపమ్మా హంపమ్మా
గంప కింద ఎవరమ్మా?
కోడైతే కొక్కొక్కో
పిల్లైతే మ్యావు మ్యావు
ఉలకదు పలకదు ఎవరమ్మా?
బడికి రాని హంపమ్మా!

ఆ హంపమ్మను నేనే. పాట నా మీదే కట్టారు. రేడియోలో వచ్చింది, బళ్లలో పాడించారు, ఇప్పుడు ఫోన్లలో బొమ్మలతో కూడా వస్తోందట. పోయిన వారం మా కొడుకు పేపరు చూస్తూ, అయివారి పాటలన్నీ కలిపి ఒకటే పెద్ద పుస్తకం వేస్తున్నారనీ, దానికి ‘గంప కింద ఎవరమ్మా’ అని పేరు పెట్టారనీ, ఈ నెలలోనే అచ్చుకు పోతుందనీ చదివి వినిపించాడు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. నోటి పాట అయితే గాలికి పోతుంది. అట్ట మీద ఎక్కితే నేను పోయినా అది పోదు. ఎన్ని తరాలకైనా హంపమ్మ అంటే బడికి రాని పిల్లే.

“పోయి నా పేరు తీసెయ్యమని అడుగుతా” అన్నాను.

మా కొడుకు నవ్వాడు. “ఊర్లో జనం పేరు పుస్తకంలో పడాలని తిరుగుతాండారు. నువ్వు తీసెయ్యమని పోతాండావా మా?”

“నీ పేరు కాదు గదా. నీకు నగుబాటుగానే ఉంటాది.”

అట్లా బయలుదేరాను.

మా వైపు ఆడవాళ్లకు ఈ సర్కారు బస్సుల్లో టికెట్టుకు డబ్బులు లేవు. కార్డు చూపిస్తే సున్నా టికెట్టు చింపి ఇస్తారు. కండక్టరు కుర్రవాడు కార్డు మీద కన్నడంలో ఉన్న పేరు చదివి, నా మొహం చూసి, టికెట్టు చింపుతూనే పాడాడు. “హంపమ్మా హంపమ్మా, బుట్టి కెళగె యారమ్మా?” గంపను కన్నడంలో బుట్టి అంటారు. పాట ఎప్పుడు కన్నడంలోకి దాటిందో నాకు తెలీదు, ఎవరూ పనిగట్టుకుని దాటించలేదు. వెనక సీట్లో పాలాయన కూడా అందుకున్నాడు. అలవాటైన పనే. నేను కిటికీ వైపు తిరిగాను.

హగరి వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఏట్లో నీళ్లు ఒక పక్కగా పారుతున్నాయి. కోడలిగా ఈ వంతెన దాటి వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. పెళ్లిలో మా ఆడబిడ్డలు నన్ను పీట మీద కూర్చోబెట్టి నెత్తిన కోళ్లగంప బోర్లించి, చుట్టూ తిరిగి పాడారు. మోకలో వాళ్లకు ఆ పాట ఎట్లా తెలుసంటే, నాట్లకు సిరుగుప్ప వైపు వచ్చిన ఆడవాళ్లు నేర్చుకుని పోయారు. నాకంటే ముందే పాట మోకకు వచ్చి కూర్చుంది. మా ఆయన ఉన్నన్ని రోజులూ నేను అలిగితే చాలు, గంప ఎత్తినట్టు చేతులు పెట్టి తొంగి చూసేవాడు. ఆయన చూస్తే మాత్రం కోపం వచ్చేది కాదు. ఆయన పోయినాక అట్లా చూసేవాళ్లు లేరు, పాడేవాళ్లే ఉన్నారు.

ఏడుంబావుకు బళ్లారిలో దిగాను. స్టాండు బయట బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. బొరుగులు తడిపి తిరగమోత పెట్టే ఈ ఉగ్గాని బాగుండాలంటే పొద్దున్నే తినాలి, ఎనిమిది దాటితే చల్లారి ముద్దవుతుంది. సిరుగుప్ప బస్సు ఎనిమిదికి. రెండు గంటల దారి. ఎండ పడకుండా ఉండాలంటే పోయేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి.

నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. బళ్లారిలో ఇంగ్లీషు బడిలో చిన్నపిల్లలకు టీచరట, సత్యనారాయణపేటలో గది తీసుకుని ఉంటుందట, ఆదివారాలు సిరుగుప్పలో అమ్మగారింటికి పోతుందట. పేరు అడిగింది. చెప్పాను.

“మా క్లాసులో పాట ఉండాది అవ్వా, మీ పేరు మీద.”

“తెలుసులేమ్మా.”

“కొత్తగా చేరిన పిల్లోళ్లు ఏడుస్తా బెంచీ కిందికి దూరతారు. ఆ పాట పాడితే బయటికి వస్తారు. జానపదం కదా అవ్వా, పాత కాలంది. రాసినోళ్లు ఎవురూ ఉండరంట.”

“రాసినాయప్ప ఉండాడు. నేను ఆయప్ప ఇంటికే పోతాండా.”

ఆ పిల్ల నమ్మలేదు. తెక్కలకోట వచ్చేదాకా అయివారి సంగతి నేను చెప్తూనే ఉన్నాను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు గానీ, విన్నది మాత్రం ఒంట్లో నిలిచిపోతుంది.

వెంకటరత్నం అయివారి తల్లిదండ్రులు క్యాంపు కట్టిన మొదటివాళ్లలో ఉన్నారు. చంకలో పిల్లవాడిగా వచ్చారాయన. సిరుగుప్పలో కన్నడంలో చదువుకున్నారు, ఇంట్లో వాళ్ల నాయనమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. చదువు అయిపోగానే క్యాంపులోనే రేకుల షెడ్డులో బడి పెట్టారు. అప్పట్లో జీతం లేదు, పంట రాగానే రైతులు ఇంటికింత అని వడ్లు కొలిచేవాళ్లు. తర్వాత అది సర్కారు బడి అయింది. క్యాంపువాళ్లు మేష్టారు అనేవాళ్లు, మేము అయివారు అనేవాళ్లం, కన్నడంవాళ్లు మేష్ట్రు అనేవాళ్లు. ఎవరు ఎట్లా పిలిచినా పలికేవారు.

మొదటి పుస్తకం బళ్లారిలో ఒక చిన్న ప్రెస్సులో వేశారు. తెలుగు పాటలు, కన్నడ అక్షరాలు. క్యాంపు పిల్లలు మాట్లాడేది తెలుగు, బళ్లో చదివేది కన్నడం, ఇంక వాళ్లు చదవాలంటే అట్లాగే వెయ్యాలి మరి. బళ్లారి పుస్తకాల అంగడివాళ్లు అది చదివి, కన్నడం నిండా తప్పులున్నాయని తిప్పి పంపారు. గుంతకల్లు అంగడివాళ్లు మాకు కన్నడం పుస్తకాలు వద్దని తిప్పి పంపారు. ఆ కట్టలన్నీ అయివారే సైకిలు మీద వేసుకుని క్యాంపు క్యాంపూ తిరిగి పిల్లలకు పంచారు. తర్వాత రేడియోవాళ్లు పిలిచారు. ‘కాలవలో చేపపిల్ల’ కథలు వచ్చాయి. ఆంధ్రాలో సన్మానాలకు పోతే కర్ణాటక కవి అని శాలువా కప్పేవాళ్లు, ఇక్కడ పిలిస్తే తెలుగు కవి అని కప్పేవాళ్లు. మా కవి అని కప్పిన ఊరు ఆ క్యాంపు ఒక్కటే.

టీచరమ్మాయి అంతా విని, “అయితే పేరు తీయిస్తారా అవ్వా?” అంది.

“తీయిస్తా.”

“పుస్తకంలో తీస్తారు. మా పిల్లోళ్ల నోట్లో ఎట్ల తీస్తారు?”

రొట్టె తుంచి ఇచ్చాను, తీసుకుంది.

తెక్కలకోట దాటితే నేల రంగు మారుతుంది. అప్పటిదాకా ఎర్రగా, నల్లగా, మధ్యమధ్య గుండ్లు పేర్చినట్టు కొండలు. అక్కడి నుంచి నీళ్లు. దున్నిన మళ్లలో నీళ్లు, బోదెల్లో నీళ్లు, నీళ్లల్లో మబ్బు. నాట్లు సగం పడ్డాయి. ఆడవాళ్లు వరసగా వంగి, వెనక్కి అడుగులేస్తూ నాటుతున్నారు. మా అమ్మ ఆ వరసలో ఎప్పుడూ చివర ఉండేది, గట్టు మీద మేము కనబడాలని.

పది దాటాక సిరుగుప్పలో దిగాను. దిగగానే రైసుమిల్లు వాసన, ఉడికిన వడ్ల వాసన, ఊరంతా అదే. క్యాంపుకు ఆటోలు మిల్లుల రోడ్డు మొదట్లో ఉంటాయి, నలుగురు నిండితే కదుల్తాయి. ఆటో సాయిబు మాత్రం నన్ను చూసి, “ఆవో అమ్మా, కూచో, ముగ్గురితోనే పోదాం, వానొచ్చేటట్టుంది” అన్నాడు. కాలవ కట్ట మీదుగా తీసుకుపోయాడు. కాలవ గేటు దగ్గర దింపమన్నాను. మా గుడిసె ఉన్న చోట ఇప్పుడు ఎరువుల గోదాము ఉంది. కాసేపు నిలబడ్డాను. గుడిసె ఎంత చోటులో ఉండేదో కొలుద్దామంటే తలుపు ఏ వైపో కూడా అంతుపట్టలేదు. కాలవ చప్పుడు మాత్రం అదే.

అక్కడి నుంచి అయివారి ఇల్లు నడిచిపోయే దూరం. రేకుల షెడ్డు పోయి డాబా బడి వచ్చింది, దాని పక్కనే పాత పెంకుటిల్లు ఆయనది. గేటు దగ్గర ఆయన కోడలు సుజాతమ్మ ఎదురైంది. ఎవరని అడిగి, పేరు చెప్పగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నవ్వుకోమ్మా, పర్లేదు” అన్నాను.

“అయ్యో, నవ్వడం కాదండీ. మీరు నిజంగా ఉన్నారని నాకు తెలీదు. రండి, లోపలికి రండి. మావయ్యగారికి చెవులు బాగానే పనిచేస్తాయి, కళ్లే తక్కువ. ఈ మధ్య రాయడం మానేశారు. పుస్తకం అచ్చుకాగితాలు నేనే చదివి వినిపిస్తున్నాను.”

అయివారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. మనిషి సగమయ్యారు. అప్పట్లో సైకిలు దిగకుండానే ఒక కాలు మా గడప మీద పెట్టేంత పొడవు. దగ్గరికి పోయి పేరు చెప్పాను. కళ్లు చికిలించారు.

“కాలవ గేటు ఎర్రిస్వామి కూతురు హంపమ్మవా?”

“నేనే అయివారూ.”

“ఎన్నాళ్లకొచ్చావమ్మా” అన్నారు. సుజాతమ్మ మంచినీళ్లు తెచ్చింది. శెనక్కాయలు ఇచ్చాను. ఒక కాయ ఒలిచి వాసన చూసి జేబులో వేసుకున్నారు.

వానకు ముందే తిరిగి పోవాలని నేను ఆలస్యం చెయ్యలేదు. “అయివారూ, ఆ పుస్తకంలో నా పేరు తీసెయ్యాల. అది అడగనీకే వచ్చినా” అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. “సుజాతా, ఆ కాగితం తియ్యి” అన్నారు. సుజాతమ్మ అచ్చుకాగితాలు తెచ్చి, పాట ఉన్న పేజీ తీసి, పెన్ను పట్టుకుని కూర్చుంది.

“ఏ పేరు పెడదాం?” అన్నారు.

అది నేను ఆలోచించుకుని పోలేదు. గంపకు కలిసే పేరు ఇంకొకటి మా వైపు లేదు. సుజాతమ్మ, “పాపమ్మా అని పెడితే నడుస్తుంది కదండీ” అంది.

“మా ఆడబిడ్డ పేరు పాపమ్మనే. చంపుతాది నన్ను” అన్నాను.

“పోనీ చిట్టెమ్మా?”

“ఏ ఊర్లోనో ఒక చిట్టెమ్మ ఉంటాది గదమ్మా. ఆయమ్మ ఏం చేసింది పాపం, బాగానే బడికి పోయింటాది.”

అయివారు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, “నీ బాధ పేరు గురించి కాదు” అన్నారు.

అప్పటిదాకా నాకూ అది తెలీదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది. “బడికి రాని అని రాస్తిరి గదా అయివారూ. నేను రాలేదా? నన్ను రానియ్యలేదు. రెండూ ఒకటేనా?”

పక్కింట్లో ఎవరో మిక్సీ వేశారు, అది ఆగేదాకా ఆయన అట్లాగే కూర్చున్నారు.

“నేను పాటలు ఎందుకు కట్టానో నీకు తెలుసా?” అన్నారు.

క్యాంపులో అందరికీ తెలిసిందే. పాట బళ్లో పాడుకోవడానికి కాదు. ఎవరైనా పిల్ల బడికి రాకపోతే, వాళ్ల పేరు మీద పాట కట్టి, బడి పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఆ ఇంటి ముందుకు పోయి పాడించేవారు. పిల్ల సిగ్గుపడో, నవ్వుకునో, ఉడుక్కునో బయటికి వచ్చేది. రాగానే పాట చివరి ముక్క పాడుతూ అందరూ కలిసి బడికి పరిగెత్తేవాళ్లు. బసవన్న అని ఒకడుండేవాడు, ఎప్పుడూ నిద్రే. వాడి పాట ఇది.

బసవన్నా బసవన్నా
పొద్దు పైకి ఎక్కెనన్నా
దుప్పటి నీకు చుట్టమా?
పలక నీకు కష్టమా?

వాడు కళ్లు నులుముకుంటూ గడప దాటగానే ఆఖరి ముక్క అందుకునేవాళ్లు.

దుప్పటి దూరం విసిరేశాడు
దూకుతు వచ్చెను బసవన్న

“అన్ని పాటలకూ ఆఖరి ముక్క ఉంది, నీ పాటకు లేదు” అన్నారు అయివారు. “నువ్వు బయటికి వస్తే కదా కట్టడానికి. మిగతా పిల్లల ఇళ్ల ముందు ఒక రోజు, రెండు రోజులు పాడేవాళ్లం. నీ గుడిసె ముందు నాట్ల కాలమంతా పాడించాను. కట్ట మీద పోయే కూలీలందరూ విన్నారు. ఊరూరా వాళ్లే తీసుకుపోయారు. రేడియోవాళ్లు అడిగిందీ అదే, శాలువా కప్పిన ప్రతి చోటా పాడమన్నదీ అదే. నా పాటల్లో పని చెయ్యనిది అదొక్కటే. దానికే చప్పట్లు కొట్టారు. కొట్టినప్పుడల్లా నాకు మీ తలుపు కనబడేది.”

నాకు లోపలి వైపు నుంచి కనబడే తలుపది. మొదటి రోజు ఆయన సైకిలు దిగడం చూసి మా అమ్మ, “ఇంట్లో ల్యాదని చెప్తా, కదలాకు” అని నన్ను కోళ్లగంప కింద కూర్చోబెట్టింది. కాళ్లు బయటికి కనబడ్డాయి, పాట అక్కడ పుట్టింది. మర్నాటి నుంచి తలుపు మూసి ఉండేది. బయట పిల్లలు పాడుతుంటే నేను లోపల తమ్ముణ్ని చంకనేసుకుని, గొంతు రాకుండా పెదాలతో పాడేదాన్ని. మా అమ్మ ఒకరోజు నారుకట్ట నెత్తిన పెట్టుకుని వాకిట్లోనే ఆయనతో పోట్లాడింది. “ఏం అయివారూ, నేను మళ్లోకి దిగితే పిల్లోణ్ని నువ్వు ఎత్తుకుంటావా?” పిల్లవాణ్ని కూడా బడికి పంపమన్నారాయన. పాలు తాగే బిడ్డ బడిలో ఎట్లా ఉంటాడని మా అమ్మ పనికి పోయింది. ఆమెను నేను తప్పు పట్టను. నాట్లు ఆగితే ఆ ఏడాది మాకు గింజలు లేవు.

“తమ్ముడు నడక నేర్చినాక రావచ్చు కదా?” అన్నారు అయివారు. “చూశాను నీ కోసం.”

“తమ్ముడు దిగేలోపల చెల్లెలు ఎక్కె అయివారూ.”

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. “ఏమన్నావు?”

మళ్లీ చెప్పాను. ఆయన పెదాలు కదిలాయి, వేలితో కుర్చీ చేతి మీద తాళం వేశారు. సుజాతమ్మ పెన్ను మూత తీసింది. ఒక్కొక్క మాటా నన్ను అడిగి, నోట్లో తిప్పి, అక్కడక్కడ విరిచి, చెప్పారు. మొదట ఆఖరి వరస ‘బడికి వచ్చెను హంపమ్మా’ అని పెట్టారు, మిగతా పిల్లల పాటల్లాగే. నాకు బాగానే అనిపించింది.

కానీ ఆయన పద్ధతి ఒకటుంది. పిల్లల నోట నలగనిది అచ్చుకు పంపరు. సుజాతమ్మ వీధిలో ఆడుకుంటున్న నలుగురు పిల్లల్ని పిలుచుకొచ్చింది. పాట పాత ముక్క వాళ్లకు వచ్చు. కొత్త ముక్క నేర్పారు, రెండుసార్లు పాడారు. అందులో ఒక చిన్నది, రెండు జడల పిల్ల, నా వైపు తిరిగి అడిగింది.

“ఆమేనా హంపమ్మ?”

“అవును” అన్నారు అయివారు.

“మరి బడికి వచ్చావా అవ్వా?”

“ల్యాదమ్మా.”

“మరి వచ్చెను అని ఎందుకు పాడతాం?”

అయివారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆ ముసలాయన ఆ చిన్నదానికి చేతులు జోడించి, “తప్పేనే. మారుద్దాం” అన్నారు. ఇంకో గంట కూర్చున్నాం. మధ్యలో సుజాతమ్మ గోంగూర పచ్చడి, ముద్దపప్పు, మజ్జిగతో భోజనం పెట్టింది. చేతులు కడుక్కునేసరికి పాట ఇట్లా తయారైంది.

గంప తీసి చూస్తిమమ్మా
తమ్ముణ్ణెత్తిన హంపమ్మా
తమ్ముడు దిగితే చెల్లెలు ఎక్కె
ఎట్లా వచ్చును హంపమ్మా?

పిల్లలు పాడారు. మూడో వరస దగ్గర ఒకడు వంగాడు, ఇంకొకడు వాడి వీపు మీద ఎక్కాడు, ఇద్దరూ పడ్డారు. అందరూ నవ్వారు. అయివారు, “నలిగింది, రాసెయ్యి” అన్నారు. సుజాతమ్మ అచ్చుకాగితం కింద రాసింది. పేరు అట్లాగే ఉంది. పేరు సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

గేటు దాకా ఆయన కర్ర పట్టుకుని వచ్చారు. కాళ్లకు దండం పెడితే, “వచ్చావు, అది చాలు” అన్నారు.

నాలుగింటికి సిరుగుప్ప స్టాండులో మా చెల్లెలు నీలమ్మ కాసుకుని ఉంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయి ఆ ఊర్లోనే ఉంటుంది. ఆటోలోంచి ఫోన్ చేశాను. డబ్బాలో గుగ్గిళ్లు పెట్టుకుని వచ్చింది. ఇంటికి రాకుండా పోతున్నానని కోపం. చల్లారుతుందని జరిగిందంతా చెప్పి, కొత్త ముక్క మెల్లగా పాడి వినిపించాను.

“చెల్లెలు ఎక్కె అంటే నేనేనా?” అంది.

“నువ్వే. ఇంకెవురు? నడిచేదాకా నా చంక దిగలేదు గదే.”

కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. “మరి నా పేరు యాడ?” అంది.

“ఏంది?”

“నా పేరు యాడ అంటాండా. చెల్లెలు అంటే జనానికి ఎట్ల తెలుస్తాది? పొద్దున్నే జడేసి, పలక చేతికిచ్చి నువ్వు తరిమేదానివి, ఒక్క దినం తప్పకుండా పోతిని. జ్వరం వచ్చినా పోతిని. పొయ్యినందుకు నా ఇంటి ముందర ఒక్క పాట పాడలేదు ఆయప్ప. పోనిదానికి ఇంత పేరు.”

“నేను పేరు తీయించాలనే పోయింటినే.”

“నీకు ఎక్కువైంది, తీయిస్తావు. నా మనవడు అడుగుతాడు, నీ పాట యాడవ్వా అని. ఏం చెప్పాల?”

నేను పగలబడి నవ్వాను. దానికి నవ్వు రాలేదు. బస్సు వచ్చింది. సంచి పైకి అందించి, కిటికీ దగ్గర నిలబడి, “ఆ కోడలమ్మ నంబరు చెప్పు” అంది. చెప్పాను. డబ్బా మళ్లీ తెచ్చియ్యాలనీ, పోగొట్టవద్దనీ రెండుసార్లు చెప్పింది.

ఆ బస్సు నాలుగున్నరకు. రద్దీ ఎక్కువ, కానీ వెనక సీట్లు తెక్కలకోటలో ఖాళీ అవుతాయి, అక్కడిదాకా ఓపిక పట్టండి. వాన మొదలైంది. కండక్టరు అద్దాలు వెయ్యమన్నాడు. మళ్లలోంచి ఆడవాళ్లు ప్లాస్టిక్ పట్టలు కప్పుకుని కట్ట మీదికి ఎక్కుతున్నారు. వాళ్లలో ఎవరో ఏదో పాడుతున్నారు, పెదాలు కదలడం కనబడింది గానీ అద్దాల వల్ల వినబడలేదు.

బళ్లారి ఇంకా కొంత దూరముందనగా నీలమ్మ ఫోన్ చేసింది.

“మాట్లాడినా” అంది. “నీలమ్మ అని పెట్టమని అడిగినా. కుదరదంట, పాట కుంటుతాదంట.”

“పోనీలేవే.”

“పోనీలే ఏంది? విను. ‘ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా మానలేదు, అట్లాంటిదానికి పాట ఎట్లా కట్టాలో ఇన్నాళ్లూ నాకు తట్టలేదు’ అన్నాడంట. కోడల్ని కాగితం తెమ్మన్నాడంట. రాస్తాండాడంట అక్కా. కోడలమ్మ చెప్తా చెప్తా ఏడ్చింది, ఏందో నాకు తెలీలేదు. నేను మళ్ల వారం పొయ్యి వింటా. నువ్వు రావాకు, అది నా పాట.”

సరే రానులే అన్నాను.

బళ్లారిలో దిగేసరికి ఆరున్నర దాటింది. మోకకు ఆఖరి బస్సు ఏడుంబావుకు, అది తప్పితే ఆటోలే. స్టాండులో టీ తాగి ఎక్కాను. ఈ దారిన పోయి అయివారిని చూడాలనుకునేవాళ్లు ఆదివారం పోండి, పిల్లలు ఇళ్లల్లో ఉంటారు, ఆయన పాటలు వాళ్ల నోట వినవచ్చు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం పడుకుంటారు.

ఒకటి మాత్రం చెప్పాలి. పొద్దున పోయేటప్పుడు కూడా, అప్పట్లో మా గుడిసె ముందు పాడినవాళ్లందరూ నన్ను బయటికి రమ్మనే పాడారని నాకు తట్టలేదు. నవ్వడానికి పాడారనే అనుకున్నాను, ఇన్నేళ్లూ. పిల్లలు అన్నాళ్లు ఎండలో, బురదలో నిలబడి మా తలుపు వైపు చూస్తూ పాడారు, అందరికీ ఒకటే పని, నేను రావాలి. నాకు చదువు రాలేదు గానీ, నా కోసం అంతమంది అన్నాళ్లు నిలబడ్డారు. అది ఎంతమందికి జరుగుతుంది?